తృటిలో తప్పింది... అయితే చెప్పాలర్రా!

ఏమర్రా, ఇలా వచ్చి కూర్చోండి. ఫ్యాక్టరీ గేటు పక్కన బోర్డు చూశారా? ప్రమాదం జరిగి ఇన్ని రోజులైందని అంకె రాస్తారు. ఆ అంకె పెరిగిందంటే ప్రమాదాలు తగ్గాయనా, చెప్పేవాళ్ళు తగ్గారనా? బోర్డుని బట్టి తెలీదు. ఈ చిక్కుని విమానాలవాళ్ళు ఎలా విప్పుకున్నారో చెబుతా.

1974 డిసెంబరు 1. అమెరికాలో టీడబ్ల్యూఏ అనే విమాన కంపెనీ వారి బోయింగ్ 727 ఒకటి డల్లెస్ విమానాశ్రయానికి వస్తోంది. ఆకాశమంతా మబ్బు, గాలివాన. కంట్రోలరు దిగడానికి రావచ్చని అనుమతిచ్చాడు. దాంతో 1800 అడుగులకి దిగిపోవచ్చనుకున్నారు పైలట్లు. దారిలో కొండలున్నాయి, ఎత్తు చూసుకోవాల్సింది పైలట్లే అని కంట్రోలరు లెక్క. విమానం వెళ్ళి కొండని గుద్దుకుంది. అందులో ఉన్న 92 మందీ పోయారు.

అసలు బాధ వినండి. అంతకు ఆరు వారాల ముందు యునైటెడ్ అనే ఇంకో కంపెనీ వారి విమానం కూడా ఇలాగే పొరబడి, అదే కొండని తృటిలో తప్పించుకుంది. ఆ పైలట్లు తమ కంపెనీకి చెప్పారు, కంపెనీ తన పైలట్లందర్నీ హెచ్చరించింది. ఆ కబురు పక్క కంపెనీకి చేరనే లేదు.

అందుకని 1976లో, ఇలా తృటిలో తప్పిన సంగతులు చెప్పుకోవడానికి అన్ని కంపెనీలవాళ్ళకీ కలిపి ఒక ఏర్పాటు చేశారు. లైసెన్సు పీకేసే శాఖ దగ్గరకే వెళ్ళి ఎవడైనా తన తప్పు చెప్పుకుంటాడటర్రా? అందుకే ఆ పని నాసాకి అప్పజెప్పారు. వాళ్ళ కాగితం ఫారం పైభాగంలో పేరు, ఫోను నంబరు రాసే ముక్క ఒకటుంటుంది. సందేహాలుంటే అడిగి తెలుసుకుని, ఆ ముక్క కత్తిరించి, తేదీ ముద్ర వేసి, రాసినవాడికే పంపేస్తారు. నకలు ఉంచుకోరు. కావాలని చేసిందీ, నేరమూ కాకపోతే, పది రోజుల్లో రాసినవాడికి చాలావరకు శిక్ష తప్పుతుంది. ఇప్పటిదాకా వచ్చిన ఉత్తరాలు ఇరవై లక్షలు దాటాయి!

మన ఫార్మా కంపెనీల్లోనైనా ఇంతే. వాల్వు ఒకటి మొరాయించి, ఎలాగో తిరిగిందనుకోండి. ఆ మాట చెప్పిన ఆపరేటరు చేతిలో మెమో పెడితే, ఆ షిఫ్టులో ఇంకెవడూ నోరు మెదపడు. వాల్వు మటుకు అలాగే ఉంటుంది, ఏదో ఒక రాత్రి పూర్తిగా బిగుసుకుపోతుంది. హెల్మెట్లూ బూట్లూ ఎన్ని పంచినా ఆ వాల్వు సంగతి బయటికి రాదు.

రేపు మీలో ఎవరైనా మేనేజరైతే, చెప్పడానికి వచ్చినవాణ్ణి ముందు కూర్చోబెట్టి వినండి. వాడు చెప్పినదాన్ని బాగుచేయించి, చేయించామని వాడికి కబురు పెట్టండి. రెండోసారి వాడే వచ్చి చెబుతాడు.