హిమగిరి యాత్రలో విడిది

తీర్థయాత్ర భారతీయ జీవన విధానంలో అంతర్భాగం. పూర్వం యాత్రికులు దైవదర్శనాన్ని గురించి ఎంతగా ఆలోచించేవారో, మజిలీలను గురించి కూడా అంతగా ఆలోచించేవారు. 1830-31 సంవత్సరాలలో కాశీయాత్ర చేసిన ఏనుగుల వీరాస్వామయ్య తాను దిగిన మజిలీలను, అక్కడి వసతులను శ్రద్ధతో గ్రంథస్థం చేశాడు. మైదాన ప్రాంతంలో విడిది సౌకర్యానికి సంబంధించినది. హిమగిరిపై మాత్రం అది ప్రాణరక్షణకు సంబంధించినది. కేదారనాథ యాత్ర ఇందుకు చక్కని నిదర్శనం.

ద్వాదశ జ్యోతిర్లింగాలలో ఒకటైన కేదారనాథం ఉత్తరాఖండ్ రాష్ట్రంలో, మందాకినీ నదీ పరీవాహక ప్రాంతంలో, సముద్రమట్టానికి సుమారు 3,580 మీటర్ల ఎత్తున ఉన్నది. వాహనాలు గౌరీకుండ్ వరకే వెళతాయి. అక్కడి నుండి సుమారు 16 కిలోమీటర్లు కాలినడకన గాని, గుర్రంపై గాని, డోలీలో గాని సాగాలి.

విడిదిని ఎంచుకోవడంలో మొదట గమనించదగినది ఎత్తు. 3,500 మీటర్ల ఎత్తున గాలి పీడనం సముద్రమట్టం వద్ద ఉండేదానిలో సుమారు మూడింట రెండు వంతులు మాత్రమే. అందువల్ల ప్రతి శ్వాసలోనూ అందే ప్రాణవాయువు తగ్గుతుంది. తలనొప్పి, వికారం, నిద్రలేమి, ఆయాసం కలుగుతాయి. నిద్రలో శ్వాస మందగిస్తుంది గనుక ఈ బాధలు రాత్రివేళ అధికమవుతాయి. కాబట్టి పగలు ఎంత ఎత్తుకు ఎక్కామన్నదాని కంటే, రాత్రి ఎంత ఎత్తున నిద్రించామన్నదే ముఖ్యం. సుమారు 1,320 మీటర్ల ఎత్తున ఉన్న గుప్తకాశిలో ఒక రాత్రి, సుమారు 1,980 మీటర్ల ఎత్తున ఉన్న గౌరీకుండ్‌లో మరొక రాత్రి విశ్రమించి, వేకువనే నడక ప్రారంభించడం మేలు. కొండపైన రాత్రి గడిపేవారికి సాయంకాల హారతిని దర్శించే భాగ్యం లభిస్తుంది. కాని అస్వస్థత కనిపించినవారు అక్కడ నిద్రించరాదు. వెంటనే దిగువకు రావాలి. మందుల కంటే దిగిరావడమే ముఖ్యమైన చికిత్స.

మనుచరిత్రలోని ప్రవరుడు పాదలేప మహిమతో క్షణంలో హిమగిరిని చేరాడు. మంచు తాకిడికి లేపం కరిగిపోగా తిరిగిరాలేక పరితపించాడు. నేటి హెలికాప్టరు అటువంటి పాదలేపమే. అది కొద్ది నిమిషాలలోనే యాత్రికుని కొండపైకి చేరుస్తుంది. కాని శరీరం ఆ ఎత్తుకు అలవాటుపడే వ్యవధి ఉండదు. మబ్బులు కమ్మితే తిరుగు ప్రయాణమూ నిలిచిపోతుంది. అందుచేత ఒకనాటి దర్శనానికి వెళ్లినవారికి కూడా ఉన్నిదుస్తులు, నిత్యం వాడే మందులు, రాత్రి బసకు ఏర్పాటు ఉండాలి.

రెండవది స్థలం. 2013 జూన్ 16, 17 తేదీలలో కుండపోతగా వానలు కురిసి, ఎగువనున్న చోరాబారీ సరస్సు గట్టు తెగింది. మందాకిని ఉప్పొంగింది. నడకదారిలో ప్రసిద్ధ మజిలీ అయిన రాంబాడా తుడిచిపెట్టుకొనిపోయింది. ఆ ఏడాది ఉత్తరాఖండ్ వరదలలో వేలమంది మరణించారు. నదీ గర్జన వినిపించే గది మనోహరమే కాని, వర్షాకాలంలో అది క్షేమకరం కాదు. నది ఒడ్డును ఆనుకొని ఉన్న కట్టడాలను, రాళ్లు జారే కొండవాలు కింది గుడారాలను విడిచి, కొంచెం దూరమైనా గట్టి నేలపై ఉన్న వసతిని స్వీకరించాలి.

మూడవది లోపలి ఏర్పాట్లు. పొడి పడక, దళసరి రజాయి, వేడినీరు, సమీపంలో వైద్యశిబిరం ఉన్న సామాన్యమైన గది, ఇవి లేని ఆడంబర వసతి కంటే మేలు. చలికి ఓర్వలేక మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకోవడం ప్రమాదకరం. దాని నుండి వెలువడే విషవాయువు నిద్రలోనే ప్రాణం తీయగలదు.

కష్టానికి ఓర్చడం యాత్రాధర్మమే. కాని ప్రమాదాన్ని కోరి తెచ్చుకోవడం భక్తి అనిపించుకోదు. వృద్ధులను వెంట తీసుకొనివెళ్లేవారికి ఈ విచక్షణ మరింత అవసరం. దర్శనం ఒకరోజు ఆలస్యమైనా పుణ్యం తరగదు. క్షేమంగా ఇల్లు చేరినప్పుడే యాత్ర సఫలమవుతుంది.