రెండో ఫ్లాటు కొంటున్నారా? అడ్వాన్స్ ఇచ్చే ముందు ఈ లెక్క వేసుకోండి

హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నంలో సొంతిల్లున్న మధ్యతరగతి కుటుంబాల్లో చాలామంది చేతిలో నాలుగు డబ్బులు కూడగానే రెండో ఫ్లాటు వైపు చూస్తారు. అద్దె వస్తుంది, ధర పెరుగుతుంది, పిల్లల చదువుకో పెళ్లికో అక్కరకొస్తుందన్నది వారి ఆలోచన. ఆలోచన మంచిదే. కానీ బ్రోకర్ మాట, పక్కింటివారి లాభం విని అడ్వాన్స్ ఇచ్చేసేవాళ్లే ఎక్కువ. పది ఫ్లాట్లున్న ఇన్వెస్టర్‌కు ఒకటి దెబ్బతిన్నా తొమ్మిది మిగులుతాయి. పొదుపంతా ఒకే ఫ్లాటులో పెట్టేవారికి ఆ వెసులుబాటు ఉండదు.

అద్దెలో మిగిలేది ఎంత?

ఉదాహరణకు నిర్మాణం పూర్తయిన 60 లక్షల రూపాయల ఫ్లాటు తీసుకుందాం. స్టాంప్ డ్యూటీ, బదిలీ పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం అనుకుంటే మరో 4.5 లక్షలు. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం 30 లక్షలకు మించి 75 లక్షల వరకు ఉండే గృహరుణంలో బ్యాంకు ఇచ్చేది గరిష్ఠంగా ఆస్తి విలువలో 80 శాతం. రిజిస్ట్రేషన్ ఖర్చు ఆ విలువలోకి రాదు. అంటే 48 లక్షలు రుణం తీసుకున్నా, 16.5 లక్షలు చేతి నుంచే పెట్టుకోవాలి.

నెలకు 18,000 అద్దె వస్తే ఏడాదికి 2.16 లక్షలు. పైకి 3.6 శాతం రాబడి. అందులో ఒక నెల ఖాళీగా ఉందనుకుని 18,000, ఆస్తి పన్ను, రంగులు, మరమ్మతులకు 24,000 తీసేస్తే మిగిలేది 1.74 లక్షలు. మొత్తం ఖర్చు 64.5 లక్షల మీద ఇది 2.7 శాతమే. 48 లక్షల రుణానికి 8.5 శాతం వడ్డీతో 20 ఏళ్ల ఈఎంఐ నెలకు సుమారు 41,650. అద్దె పోను నెలకు దాదాపు 27,000 జీతంలోంచి కట్టాలి.

వడ్డీకి, నికర అద్దెకు మధ్య తేడా దాదాపు 6 శాతం. ఆ తేడా పూడాలన్నా ఫ్లాటు ధర ఏటా సుమారు అంత పెరగాలి. ఆ ప్రాంతంలో గత కొన్నేళ్లలో పాత ఫ్లాట్లు నిజంగా ఎంతకు అమ్ముడయ్యాయో కనుక్కుంటే ఇది సాధ్యమో కాదో కొంత తెలుస్తుంది. ప్రకటనల్లో కనిపించేది అమ్మేవారు అడిగే ధర మాత్రమే. అక్కడ ఉంటున్నవారిని, ఈమధ్య అమ్మినవారిని అడిగితే అసలు ధర బయటపడుతుంది. ఉద్యోగం పోయినా, అద్దెకున్నవాళ్లు ఖాళీ చేసినా తట్టుకునేలా కనీసం ఆరు నెలల ఈఎంఐ పక్కన పెట్టుకోవడం మంచిది.

భూమి వాటా చూడాలి

కాలం గడిచేకొద్దీ భవనం పాతబడుతుంది. విలువ పెరిగేది దాని కింద ఉన్న భూమికి. అందుకే సేల్ డీడ్‌లో రాసే అవిభాజ్య భూమి వాటా ఎన్ని గజాలన్నది ముఖ్యం. నలభై అంతస్తుల టవర్‌లో ఒక ఫ్లాటుకు దక్కే వాటా, ఐదంతస్తుల అపార్ట్‌మెంట్‌లో అదే సైజు ఫ్లాటుకు దక్కే వాటా కంటే బాగా తక్కువ. ధరను పోల్చేటప్పుడు కూడా సూపర్ బిల్టప్ కాకుండా కార్పెట్ ఏరియా లెక్కనే చూడాలి. రెరా చట్టం నిర్వచించినది దాన్నే.

‘ప్రీలాంచ్’ చౌక ఎందుకు?

మార్కెట్ ధర కంటే ముప్పై, నలభై శాతం తక్కువంటూ ప్రీలాంచ్ ఆఫర్లు వస్తుంటాయి. ఆ తగ్గింపు వెనుక కారణం ఉంది. అనుమతులు రాకముందే కొనుగోలుదారుల డబ్బుతో భూమి కొనడమో, పాత ప్రాజెక్టు అప్పు తీర్చడమో బిల్డర్ అవసరం. బ్యాంకు మోయడానికి ఇష్టపడని రిస్కును కొనుగోలుదారు మోస్తున్నాడన్నమాట.

2016 నాటి రెరా చట్టం ప్రకారం 500 చదరపు మీటర్లకు మించిన స్థలంలో, లేదా ఎనిమిదికి మించి ఫ్లాట్లతో కట్టే ప్రాజెక్టును రిజిస్టర్ చేయకుండా ప్రకటన ఇవ్వకూడదు, బుకింగ్ తీసుకోకూడదు. అమ్మకపు ఒప్పందాన్ని రిజిస్టర్ చేయకుండా ధరలో 10 శాతానికి మించి అడ్వాన్స్ తీసుకోకూడదు. వసూలు చేసిన సొమ్ములో 70 శాతాన్ని ప్రత్యేక ఖాతాలో ఉంచి, ఆ ప్రాజెక్టు భూమికి, నిర్మాణానికే వాడాలి. మొత్తం డబ్బు ఒకేసారి కట్టమనే ప్రీలాంచ్‌లో ఈ రక్షణలేవీ ఉండవు. తర్వాత రెరాను ఆశ్రయించి వడ్డీతో సహా తిరిగి ఇవ్వాలన్న ఉత్తర్వు తెచ్చుకున్నా, బిల్డర్ దగ్గర డబ్బు లేకపోతే వసూలు కష్టం.

చూడాల్సిన కాగితాలు

కనీసం ముప్పై ఏళ్ల లింకు డాక్యుమెంట్లు, ఈసీ తీయించి న్యాయవాదికి చూపించాలి. రిజిస్ట్రేషన్ జరిగినంత మాత్రాన అమ్మినవారికి హక్కు ఉన్నట్టు కాదు. సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో ఉందా, స్థలం చెరువు ఎఫ్‌టీఎల్, బఫర్ జోన్ పరిధిలోకి వస్తుందా అన్నది విడిగా చూడాలి. 2024లో హైడ్రా ఏర్పడ్డాక జరిగిన కూల్చివేతలతో హైదరాబాద్ కొనుగోలుదారులకు ఇది ఎంత ముఖ్యమో తెలిసింది. పూర్తయిన భవనమైతే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ అడగాలి. అది వచ్చాక కొంటే జీఎస్టీ ఉండదు. నిర్మాణంలో ఉన్న ఫ్లాటుకు సాధారణంగా 5 శాతం, అందుబాటు ధరల విభాగంలోకి వచ్చేదైతే 1 శాతం కట్టాలి.

పన్నుల సంగతి

అద్దె ఆదాయంలో కట్టిన ఆస్తి పన్ను పోను, మిగిలిన మొత్తంలో 30 శాతం మినహాయింపు ఉంటుంది. రుణ వడ్డీనీ తీసేయొచ్చు. అలా వచ్చిన నష్టాన్ని పాత పన్ను విధానంలో ఏటా 2 లక్షల వరకు జీతం ఆదాయంతో సర్దుబాటు చేసుకోవచ్చు. కొత్త విధానంలో ఆ వీలు లేదు. ‘లోన్ తీసుకుంటే పన్ను మిగులుతుంది’ అనే సలహా ఇప్పుడు అందరికీ వర్తించదు. 24 నెలలు దాటాక అమ్మితే లాభంపై 12.5 శాతం పన్ను. ధర 50 లక్షలు, అంతకు మించితే కొనేవారు 1 శాతం టీడీఎస్ కోసి కట్టాలి. అమ్మేవారు ఎన్‌ఆర్‌ఐ అయితే ఈ 1 శాతం వర్తించదు. అంతకంటే చాలా ఎక్కువ కోయాల్సి ఉంటుంది కాబట్టి ఆడిటర్‌ను ముందే అడగాలి.

ఇవన్నీ సరిచూసుకోవడానికి రెండు, మూడు వారాలు పడుతుంది. ‘రేపటికల్లా అడ్వాన్స్ ఇవ్వకపోతే ఫ్లాటు పోతుంది’ అంటూ అంత సమయం కూడా ఇవ్వని అమ్మకందారు దగ్గర కొనకపోవడమే మేలు. ఫ్లాట్లు ఇంకా దొరుకుతాయి. 16 లక్షల పొదుపు మళ్లీ కూడబెట్టాలంటే ఏళ్లు పడుతుంది.