బెల్లం పెనానికి తెట్టు, ఉప్పునీటి తొట్టికి నురగ

కామారెడ్డి: చెరకు రసం మరిగేటప్పుడు పైకి తేలే తెట్టును ఎప్పటికప్పుడు తీసి పారబోయకపోతే బెల్లం నల్లబడుతుంది. బెల్లానికి పేరుపడిన కామారెడ్డి ప్రాంతంలో ఈ సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. సముద్రపు చేపలను ఇంట్లో పెంచదలచిన వారికీ ఇలాంటి పనే పడుతుంది. అయితే అక్కడ మంట లేదు, గరిటె లేదు. గాలిబుడగలే తెట్టు తీస్తాయి. అందుకు వాడే గొట్టాన్ని ప్రొటీన్ స్కిమ్మర్ అంటారు. కాస్త చేతిపని తెలిసినవారు అక్రిలిక్‌తో దాన్ని ఇంట్లోనే తయారు చేసుకోవచ్చు.

ఎల్లారెడ్డి చేరువలోని పోచారంలో గాని, మంజీరపై 1931లో పూర్తయిన నిజాంసాగర్‌లో గాని పెరిగేవి మంచినీటి చేపలు. సముద్రం ఇక్కడికి 300 కిలోమీటర్లకు పైమాటే. తెల్లచారల క్లౌన్ చేపను తెచ్చుకున్నవారు దాని సముద్రాన్నీ తయారు చేసుకోవాలి. లీటరు నీటికి సుమారు 35 గ్రాముల లవణాలు, అంటే 100 లీటర్ల తొట్టికి మూడున్నర కిలోలు. వంటింటి ఉప్పు చాలదు; మెగ్నీషియం, కాల్షియం కలిసిన ప్రత్యేక ఉప్పు కావాలి. అది ఖరీదైన సరుకు. నీరు చెడినప్పుడల్లా పారబోయడం సామాన్యుడి వల్ల కాదు.

నీరు చెడేది చేపల విసర్జనతో, తినగా మిగిలిన మేతతో. అవి కుళ్లి అమోనియా పుడితే తెల్లవారేసరికి చేపలు తేలిపోవచ్చు. పుట్టిన అమోనియాను స్కిమ్మర్ తీయలేదు. కుళ్లకముందే ఆ మాలిన్యాన్ని బయటికి పంపడమే దాని పని. ప్రొటీన్లు బుడగల అంచును పట్టుకుని పైకి వస్తాయి. ఉప్పునీటిలో బుడగలు ఒకదానితో ఒకటి కలవకుండా సన్నగా నిలుస్తాయి గనుక నురగ కడుతుంది. మంచినీటిలో అలా నిలవవు. గప్పీలు పెంచేవారు దీనికోసం డబ్బు తగలేయనక్కరలేదు.

తయారీ ఇలా

నాలుగు అంగుళాల వెడల్పు, రెండడుగుల ఎత్తు గల అక్రిలిక్ గొట్టం తీసుకుని అడుగు మూయాలి. లోపల అడుగున మెత్తని చెక్కతో చేసిన ఎయిర్‌స్టోన్ ఉంచాలి. తొట్టి నీరు చిన్న పంపు ద్వారా గొట్టం పైభాగంలో పడాలి. అడుగునుంచి బయటికి పోవాలి. నీరు దిగుతుంటే బుడగలు ఎదురెక్కుతాయి. బయటికి పోయే పైపును పైకి వంచి తెచ్చి, తిరిగి తొట్టిలోకి వదలాలి. గొట్టంలో నీటిమట్టం ఈ వంపు ఎత్తును బట్టే నిలుస్తుంది. కుదిరేదాకా దాన్ని పైకీ కిందికీ జరిపి చూసుకోవలసిందే. గొట్టం పైన సన్నని మెడ, దానిచుట్టూ నురగ పడే గిన్నె అమర్చాలి.

అక్రిలిక్ రేకు సైన్‌బోర్డులు చేసేవారి దగ్గర దొరుకుతుంది. అతుకులకు వారు వాడే క్లోరోఫాం ఆవిరి ప్రమాదకరం. ఆ పని ఆరుబయట చేయాలి, పిల్లలను దరిచేరనీయరాదు. అతుకులు బాగా ఆరాక ఒక రోజంతా మంచినీరు నింపి ఉంచి, కారడం లేదని తేలాకే తొట్టికి తగిలించాలి.

కరెంటు పోయే ఊళ్లలో మరో జాగ్రత్త. గాలి పంపు నీటిమట్టానికి పైనే ఉండాలి. లేకుంటే కరెంటు పోయినప్పుడు నీరు గాలిగొట్టం గుండా వెనక్కి పారి పంపులోకి చేరుతుంది.

మొదటి కొద్ది రోజులు గిన్నె ఖాళీగానే కనిపించవచ్చు. కొత్త అక్రిలిక్ అలవాటు పడేదాకా ఇది మామూలే, విప్పి పారేయరాదు. ఆ తర్వాత కాఫీ డికాక్షన్ రంగులో, ముక్కు మూసుకోవలసిన వాసనతో గిన్నె నిండడం మొదలవుతుంది.