అయిదు స్వరముల చుట్టరికము

కొందరు తల్లులు ఇటీవల మమ్ము తరచుగా నడుగుచున్న ప్రశ్న యొకటి కలదు. "మా అమ్మాయి రేయింబవళ్లు జపాను పాటలు వినుచున్నది. అందులో ఒక్క మాటయు దానికి తెలియదు. అర్థము తెలియని పాటమీద ఇంత మోజెట్లు కలిగినది? మన కీర్తనలు, మన మంగళహారతులు దానికి చేదైపోవునా?" అని. అనంతపురపు మెట్టసీమలోని యిల్లాండ్రును ఇట్లే అడుగుచున్నారు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో, అదియును వేళకు కురియునో లేదో యన్న దిగులుతో, వేరుసెనగ విత్తుకొని మొగము మింటికెత్తి చూచు సీమ అది. జపానో, నలుదెసల సముద్రము గలది, వానలకు కొదువ లేనిది. ఈ రెంటికిని పొత్తెక్కడ కుదిరినది?

ముందుగా ఆ సంగీతము ఇంటిలోనికి వచ్చిన త్రోవ చూతము. డోరేమాన్, షిన్‌చాన్ అను జపాను బొమ్మకథలు మన టెలివిజనులోనికి వచ్చి యిరువది యేండ్లు కావచ్చినది. డోరేమాన్ కథ మొదట వచ్చు పాటకు హిందీ మాటలు కూర్చిరి గాని బాణీ జపానువారిదే. తల్లి వంటింట చారు పోపు పెట్టుచుండగా, బిడ్డ అన్నపు పళ్లెము ముందర పెట్టుకొని, తెలియకయే ఆ బాణీని నేర్చినది. బిడ్డ పెద్దదైన పిమ్మట చేతికి ఫోను వచ్చినది. నరుటో వంటి కథలను అసలు పాటలతోనే చూచుట మొదలిడినది. ఆ కథకు 2008లో ఇకిమోనో గాకారి అను బృందమువారు పాడిన 'బ్లూ బర్డ్' అను పాట మన కళాశాలల పిల్లలలో చాలమందికి నోటికి వచ్చును. 2025 సెప్టెంబరులో 'డీమన్ స్లేయర్' చిత్రము తెలుగు మాటలతో సినిమాశాలలకే వచ్చినది.

ఇచ్చట నొక మాట. పెనుకొండచెంత 2019నుండి కార్లు చేయుచున్న కియా కర్మాగారము కొరియావారిది, జపానువారిది కాదు. కొరియా పాటలను వలచిన పిల్లలును ఆ ప్రాంతమున కలరు. పెద్దలు రెంటిని కలిపి "ఆ చైనా పాటలు" అని కొట్టివేయుదురు. హిందూపురములో తెలుగును కన్నడమును ఒకటే యన్నచో మనమూరకుందుమా?

ఇక అర్థము మాట. తమిళదేశమున, కన్నడదేశమున, తెలుగు మాటాడుట రాని విద్వాంసులు త్యాగరాజస్వామి కృతులను కన్నీరు పెట్టించునట్లు పాడుదురు. వినువారిలో సగముమందికి భాష రాదు. దానికి మనము గర్వపడుదుము గాని "అర్థము తెలియక ఏల వినెదరు?" అని వారినెన్నడును అడుగము. అమ్మాయిని మాత్రము అడుగుట న్యాయమా? చెవి మొదట స్వరమును పట్టును. మాట తరువాత వచ్చును, ఒక్కొక్కప్పుడు రాకయు పోవును.

ఆ స్వరములును మనకు క్రొత్తవి కావు. జపానువారి పాత పాటలు పెక్కు అయిదు స్వరములతోనే నడచును. గత శతాబ్దపు ఆరంభమునుండి వారి జనప్రియ గీతములలో ఎక్కువగా వాడబడిన స్వరవరుస యొకటి కలదు. దాని పేరు 'యొనానుకి'. నాలుగవది, ఏడవది విడిచినది అని ఆ మాటకర్థము. నాలుగవది మధ్యమము, ఏడవది నిషాదము. ఆ రెండును విడిచిన స రి గ ప ద మనకేమి? మోహనరాగమే. సంగీతము నేర్చు మన పిల్లలు గీతముల నాటనుండియే పాడు మోహన!

ఇంకొకటి చెప్పెదము. జపానునకు దక్షిణమున ఒకినావా అను ద్వీపములు కలవు. అచ్చటి పాటల స్వరములు స గ మ ప ని. మన గంభీరనాట స్వరములు నవియే. దేవుని ఊరేగింపునందు నాదస్వర విద్వాంసులు వాయించు మల్లారి ఆ రాగములోనిదే. కదిరి నరసింహస్వామి తేరును కన్నులార చూచిన యిల్లాలికి ఒకినావా పాట వినిపించినచో, ఎచ్చటనో విన్నట్లున్నదే యని ఆమె తల యెత్తుననుటలో మాకు సందేహము లేదు. చెర్రీపూలనుగూర్చి వారి పిల్లలు పాడు 'సకురా' పాటలో శుద్ధరిషభము, శుద్ధధైవతము వచ్చును. స రి మ ప ద అను ఆ స్వరములకు మనవారు కర్ణాటక శుద్ధసావేరి యని పేరిడిరి. రాగము వేరు, స్వరముల వరుస వేరు అని పండితులు వెంటనే అనగలరు. నిజమే. మన గమకములు వారికి లేవు, వారి నడక మనకు లేదు. అయినను ముఖము పోలిక చూచి చుట్టమని గుర్తించువారు వంశవృక్షము తెమ్మని అడుగరు గదా! ఫ్యూమియో కొయిజుమి అను జపాను సంగీతశాస్త్రజ్ఞుడు 1950వ దశకపు చివర భారతదేశమునకు వచ్చి మన సంగీతము నభ్యసించెను. తన దేశపు స్వరవరుసలను నాలుగు తెగలుగా విడదీసి చూపినవాడతడే.

వాద్యములలోను చుట్టరికమున్నది. బుల్‌బుల్ అను వాద్యమును మన పాఠికలలో పలువురు చూచియే యుందురు. పొడవైన చిన్న పెట్టె, దానిపై తీగెలు, టైపుమిషనువంటి మీటలు. ఎడమచేత మీటలు నొక్కుచు కుడిచేత తీగెలు మీటుదురు. అది మన దేశపు వస్తువే యని అందరును తలంతురు. కాదు. 1912లో నగోయా పట్టణమున మొరితా గోరో అను నాతడు దానిని చేసెను. తైషో చక్రవర్తి పాలన మొదలైన యేడు గనుక దానికి తైషోగొతో యని పేరు. అది ఓడలెక్కి మన దేశమునకు వచ్చి, పేరు మార్చుకొని, బుల్‌బుల్ తరంగయై, పిన్న పెద్దల ఒడిలో కూర్చున్నది. బెలూచీలు దానినే బెంజూ యందురు. వీణ కొనుటకు స్తోమతు లేని యిండ్లకు, పంతులు దొరకని యూళ్లకు అది చక్కని కానుక. స్వరస్థానము తప్పునను భయము లేదు, మీట నొక్కిన చాలును. గమకము పలుకదన్న లోపము మాత్రమున్నది.

ఇంతవరకు చెప్పినది చెవికి సంబంధించినది. గుండెకు సంబంధించిన దొకటి మిగిలినది, దానిని కొంచెము నిలిచి చెప్పవలెను.

జపానులో క్యూషూ ద్వీపమున, కుమమొతో మండలములో, ఇత్సుకి యను కొండపల్లె కలదు. ఆ పల్లె జోలపాట దేశమంతట ప్రసిద్ధి. కాని అది తల్లి పాడిన జోల కాదు. పూర్వము అచ్చటి పేదలు తమ చిన్న ఆడపిల్లలను భూస్వాముల యిండ్లకు బిడ్డల నెత్తుకొనుటకై పంపెడివారు. ఒకరి బిడ్డను వీపున కట్టుకొని, తన తల్లిని తలచుకొనుచు, ఆ పసిది పాడుకొన్న పాట అది. అందు బిడ్డను నిదురపుచ్చుటకంటె తన దుఃఖమును నిదురపుచ్చుటయే యెక్కువ.

అనంతపురపు పల్లెలలో కరవుసంవత్సరమున ఏమి జరుగునో పాఠికలకు చెప్పనక్కరలేదు. ఆలుమగలు బెంగుళూరికి కూలికై పోవుదురు. ఇంట అవ్వయు, చదువుకొను పిల్లలును మిగులుదురు. పదిరెండేండ్ల పెద్దపిల్ల చిన్నవానిని చంకనెత్తుకొని పొయ్యి రాజేయును. అట్టి పిల్లకు ఇత్సుకి పాటకు తెలుగుసేత యెందుకు? జపాను పాట విని మన పిల్ల కన్నీరు నించినచో, అది పరదేశపు పిచ్చి యని తిట్టుటకు ముందు, ఆమె దేనిని తలచుకొన్నదో అడుగుట మేలని మా అభిప్రాయము. అవ్వకు కూడ ఒకసారి వినిపింపవచ్చును. జోలలలో నిజమేదో కల్లయేదో అవ్వలకు తెలిసినంతగా మరెవరికిని తెలియదు.

ప్రేమ ఒకవైపునుండియే సాగుచున్నదని తలపకుడు. రజనీకాంతుని 'ముత్తు' చిత్రము 1998లో జపానువారి నుర్రూతలూపెను. మన 'ఆర్‌ఆర్‌ఆర్' చిత్రము 2022 అక్టోబరులో అచ్చట విడుదలయినది. చంద్రబోసు రచించి కీరవాణి బాణీ కట్టిన 'నాటు నాటు' అను పాటకు జపాను యువతులు తెలుగు మాటలను ముక్కకు ముక్క పలుకుచు అడుగులు వేసిరి. 2024 జనవరిలో తకరజుకా నాటకసంఘమువారు ఆ కథను రంగస్థలమున కెక్కించిరి. ఆ సంఘమున నటులందరును స్త్రీలే. 1914నుండి వారు నాటకములాడుచున్నారు. పురుషపాత్రలును స్త్రీలే ధరింతురు గనుక మన భీముని, రామరాజును జపాను సోదరీమణులే ఆడి పాడిరి! వారి తల్లులు "అర్థము లేని తెలుగు పాట నీకేల?" అని గదమాయించిరో లేదో మాకు తెలియదు.

కావున ఫోను లాగుకొనుటవలన ప్రయోజనము లేదు. లాగుకొన్న పాట మరింత తీపి యగును. అంతకంటె తల్లియు ప్రక్కన కూర్చుండి ఒక పాట వినునది. విన్న పిమ్మట "దీని స్వరములు చెప్పుము" అని పిల్లను అడుగునది. హార్మోనియము ఇంట నున్నచో, లేదా భజనమందిరమున నున్నచో, మీటలు వెదకి పట్టుమనునది. మోహన దొరకినచో ఆ రాగములోని మన కీర్తన యొకదానిని వెంటనే పాడి వినిపించునది. పాడుట రాని తల్లి రేడియోలో వచ్చినపుడు చూపవచ్చును. చెవులలో పెట్టుకొను గొట్టములతో గంటలకొలది పెద్దధ్వనిని విననీయరాదు. చెవికి కలుగు హాని తిరిగి మానదు. ఈ విషయమున మాత్రము గదమాయించినను తప్పు లేదు.

మొదట ఏది వినవలెనని అడుగు తల్లులకు మేము సూచించునవి రెండు. ఒకటి 2001లో వచ్చిన 'స్పిరిటెడ్ అవే' అను బొమ్మల చిత్రము చివర, యూమి కిమురా యను గాయని చిన్న తంత్రీవాద్యమును తానే మీటుకొనుచు పాడిన పాట. తంబుర శ్రుతిపై పాడిన తత్త్వము వినినవారికి అది సులువుగా నచ్చును. రెండవది మియాగి మిచియో 1929లో రచించిన 'హరు నో ఉమి', అనగా వసంతకాలపు సముద్రము. చిన్ననాడే చూపు కోల్పోయిన విద్వాంసుడాయన. అందు పదమూడు తీగెల కొతోయును, అయిదు రంధ్రముల వెదురు పిల్లనగ్రోవియును మాత్రమే పలుకును. మాటలు లేవు గనుక అర్థము అడుగు పని లేదు. ఏడెనిమిది నిమిషములకు మించదు. పొయ్యిమీద పప్పు ఉడుకునంతలో వినవచ్చును.