అద్దం దగ్గర దీపం

మా నాన్నగారికి 78 ఏళ్లు. రోజు విడిచి రోజు గడ్డం గీసుకోవడం ఆయనకు సంధ్యావందనంతో సమానమైన నియమం. కిందటేడు ఆ నియమానికి ఆటంకం వచ్చింది. స్నానాలగదిలోంచి బయటికి వచ్చేసరికి చుబుకం మీద ఒకటి, దవడ కింద ఒకటి దూది ముక్కలు కనిపించడం మొదలైంది.

"చేయి వణుకుతోంది నాన్నగారూ! ఇకమీదట ఎవరినైనా ఇంటికి పిలిపిద్దాం" అన్నాను ఒకనాడు.

ఆయన మాట్లాడలేదు. మర్నాటి నుంచి గడ్డం గీసుకోవడమే మానేశారు. అడిగితే "కార్తీకమాసం గదరా" అన్నారు. కార్తీకం వెళ్లింది, మార్గశిరమూ సగానికి వచ్చింది. గడ్డం మాత్రం అలాగే ఉంది. ఆ మాట అనకుండా ఉండవలసిందని నాకు లోలోపల అనిపిస్తూనే ఉంది.

ఇంతలో స్నానాలగది గోడలో పైపు పగిలింది. ధనుర్మాసంలో ఇల్లు తవ్వించడమేమిటని మా అమ్మ గొణిగింది గాని, పగిలిన పైపుకు పంచాంగం తెలియదు గదా! ఎలాగూ తవ్వుతున్నాం కనుక టైల్సు, వాష్‌బేసిను, అద్దం అన్నీ మార్చేద్దామనుకున్నాం. పది రోజులన్న పని మూడు వారాలు సాగింది. ఆ మూడు వారాలూ ఇంటిల్లిపాదికీ ముఖాలు కడుక్కోవడం, తలలు దువ్వుకోవడం పెరటి వసారాలోనే. స్తంభానికి మేకు కొట్టి పాత అద్దం తగిలించాం.

భోగినాడు పొద్దున్నే చూస్తే నాన్నగారు ఆ అద్దం ముందు కుర్చీ వేసుకుని, సబ్బు నురగ పట్టించుకుని నిదానంగా గడ్డం గీసుకుంటున్నారు. నేను దూది పట్టుకుని దూరంగా నిలబడ్డాను. అవసరం రాలేదు. ఎక్కడా ఒక్క గీత పడలేదు.

"చేయి బాగానే ఉన్నదిరా. ఆ గదిలోనే ఏమీ కనపడేది కాదు" అన్నారు తుడుచుకుంటూ.

అప్పుడు పోయి పాత గదిని మరోసారి చూశాను. ట్యూబ్‌లైటు తలుపు పైన ఉంది. అద్దం దానికి ఎదుటి గోడకు. అంటే మనిషి అద్దం ముందు నిలబడితే వెలుతురంతా వీపు మీద పడుతుంది. ముఖం తన నీడలో తానే ఉంటుంది. ఇరవై ఏళ్లుగా ఆ గదిలో మేమంతా చీకటి ముఖాలనే చూసుకుంటున్నామన్నమాట! వయసులో ఉన్న కళ్లు సర్దుకుపోయాయి. పెద్దవారి కళ్లు సర్దుకోలేవు. వయసు మీరినకొద్దీ కంటిపాప చిన్నదవుతుంది, కంటిలోని కటకం పసుపుబారుతుంది. 20 ఏళ్లవాడి కంటిలోపలికి చేరే వెలుతురులో 60 ఏళ్లవాడికి చేరేది సుమారు మూడో వంతే.

వెనుకటి రోజులలో ఈ బాధ లేదు. గడ్డం గీయించుకోవడం వీధి అరుగు మీద జరిగేది. చేతి అద్దం పట్టుకుని ఆడవాళ్లు కిటికీ దగ్గరకో, పెరటి గుమ్మం దగ్గరకో వెళ్లేవారు. దీపాలు పెట్టాక తల దువ్వుకోకూడదని మన పెద్దలు అనడంలో కూడా ఇదే కిటుకు ఉన్నదేమో! అప్పట్లో అద్దం వెలుతురు దగ్గరకు వెళ్లేది. ఇప్పుడు అద్దాన్ని కిటికీ లేని గదిలో గోడకు బిగించేశాం. కనుక వెలుతురునే అద్దం దగ్గరకు తీసుకురావాలి.

ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఈ మాటే చెప్పాను. "దానికేముంది మాస్టారూ, అద్దం పైన సీలింగులో ఒక గుండ్రటి లైటు పెట్టేద్దాం, అందరూ అదే పెట్టించుకుంటున్నారు" అన్నాడు. నిచ్చెన ఎక్కి దీపం నెత్తి మీద పట్టుకోమన్నాను. నేను చేతి అద్దంలో చూసుకున్నాను. నుదురు తళతళలాడుతోంది. కళ్లు గుంటల్లో ఉన్నాయి, ముక్కు కింద నీడ, చుబుకం కింద చిమ్మచీకటి. దీపం కింద చీకటి అన్న సామెతకు నా ముఖమే ఉదాహరణ అయింది! పదేళ్లు పైబడినట్టు కనిపించాను. మా నాన్నగారు కోసుకునేది సరిగ్గా ఆ చుబుకం కిందనే.

తరువాత రెండు దీపాలు తెచ్చి ముఖానికి చెరో పక్కా పట్టుకోమన్నాను. నీడలన్నీ మాయమైనాయి. ఒక దీపం వేసే నీడను రెండోది చెరిపేస్తుంది, అంతే రహస్యం. నాటకాలవాళ్లు గ్రీన్‌రూములో అద్దం చుట్టూ బల్బులు పెట్టుకునేది షోకు కోసం కాదు, ఇందుకే.

కొలతలు కావలసినవారికి చెబుతున్నాను. దీపం మధ్యభాగం నిలబడిన మనిషి కళ్ల ఎత్తులో, అంటే నేల నుంచి 5 అడుగులకూ 5½ అడుగులకూ మధ్య ఉండాలి. రెండు దీపాల మధ్య దూరం 28 నుంచి 36 అంగుళాలు. గుండ్రటి బుడ్డి కంటే నిలువుగా పొడుగ్గా ఉండే దీపం మేలు. ఇంట్లో పొట్టివారికీ పొడుగువారికీ సమంగా అందుతుంది. పక్కన చోటు లేకపోతే అద్దం పైనే పెట్టుకోవచ్చు గాని, అది అద్దమంత వెడల్పున, గోడ మీద నుంచి కాస్త ముందుకు వచ్చి ఉండాలి. అప్పుడు బేసినూ, దాని కింది బండా తెల్లవి పెట్టించండి. పైనుంచి పడిన వెలుతురు వాటి మీద పడి తిరిగి చుబుకం కిందకు వస్తుంది. నల్లరాయి బండ చూడడానికి దర్జాగానే ఉంటుంది. వెలుతురును మాత్రం మింగేస్తుంది.

ఇదంతా టైల్సు అంటించకముందే తేల్చుకోవాలి. గోడకు గాడి కొట్టి పైపు వేసి, దీపం వచ్చేచోట వైరు బయటికి తీసిన తరువాతే టైల్సు. మా మేస్త్రీ తొందరలో ఒక పక్క అంటించేశాడు. నాలుగు టైల్సు పగలగొట్టించవలసి వచ్చింది. ఆ నాలుగింటి కోసం మళ్లీ అదే రంగు వెతకడం మరో కథ.

ఇక దీపాల కొట్టు సంగతి. "ఎన్ని వాట్లు?" అని అడగడం మనకు అలవాటు. అది కరెంటు ఖర్చును చెబుతుంది గాని వెలుతురును చెప్పదు. వెలుతురు కొలత ల్యూమెన్లు. వెనుకటి 60 వాట్ల బల్బు సుమారు 700 ల్యూమెన్లు ఇచ్చేది; నేటి 9 వాట్ల ఎల్‌ఈడీ 800 పైచిలుకే ఇస్తుంది. అద్దానికి చెరో పక్కా అటువంటిది ఒక్కొక్కటి చాలు. దాని మీద పాలగాజు మూత తప్పనిసరి. లేకపోతే ముఖం కనపడడానికి బదులు కళ్లు చెదురుతాయి.

రంగు విషయంలో ఒక చిక్కు ఉంది. డబ్బా మీద కెల్విన్లలో ఒక అంకె ఉంటుంది. 2700 అంటే పాత బల్బు వంటి పసుపు వెలుతురు, 6500 అంటే నీలిచాయ తెలుపు. అంకె పెరిగినకొద్దీ 'కూల్' అని, తగ్గినకొద్దీ 'వార్మ్' అని అంటారు. లెక్కకు ఎక్కువ వేడి ఉన్నదానికి చల్లదనమని పేరు! భాషాశాస్త్రం చదువుకున్నవాణ్ణి కనుక కాసేపు ఆశ్చర్యపోయి ఊరుకున్నాను. మనవాళ్లు తెల్లగా ఉంటే శుభ్రంగా ఉంటుందని 6500 కొంటారు. అందులో చామనఛాయ ముఖాలు బూడిద రంగుకు తిరుగుతాయి. మరీ పసుపు వెలుతురైతే కామెర్లు వచ్చినా కళ్లలోని పచ్చదనం కనపడదు. వైద్యులు అందుకే పగటి వెలుతురులో కళ్లు చూస్తారు. 3000కూ 4000కూ మధ్య ఏదైనా మన ముఖాలకు నప్పుతుంది. రెండు దీపాలూ ఒకే అంకెవి కావాలి సుమండీ! లేకపోతే ఒక చెంప ఒక రంగు, రెండో చెంప ఇంకో రంగు.

అంతకంటే ముఖ్యమైనది, కొట్టువాడు చెప్పనిది, మరొకటి ఉంది. దాని పేరు సీఆర్ఐ. రంగులను ఉన్నవి ఉన్నట్టు చూపడంలో దీపానికి వచ్చే మార్కులనుకోండి; నూటికి 90 పైన ఉండాలి. మామూలు ఎల్‌ఈడీలకు 80 వస్తే గొప్ప. నీలి వెలుతురుకు పసుపు పూత కలిపి తెలుపు పుట్టిస్తారు కనుక వీటిలో ముదురు ఎరుపు కొరవడుతుంది. విచిత్రమేమంటే, ఆ మార్కులు వేయడానికి తీసుకునే ఎనిమిది నమూనా రంగులలో ఆ ముదురు ఎరుపు లేనే లేదు! దానిని ఆర్9 అని విడిగా లెక్కిస్తారు. ఇన్ని అంకెలు ఎవరు గుర్తుపెట్టుకుంటారు? మా శ్రీమతి చేతిసంచిలో కుంకుమభరిణె వేసుకుని కొట్టుకు వచ్చింది. ఒక్కొక్క దీపం కింద అరచేతిలో చిటికెడు కుంకుమ వేసుకుని చూడడం, తరువాత గుమ్మంలోకి వెళ్లి ఎండలో చూడడం. మూడు దీపాల కింద కుంకుమ ఇటుకపొడిలా ఉంది. నాలుగోదాని కింద కుంకుమలాగే ఉంది. అదే కొన్నాం. డబ్బా తిప్పి చూస్తే 90 అని ఉంది.

నీళ్లున్నచోట కరెంటు గురించి మాత్రం ఎక్కడా రాజీ పడకండి. నాలుగు వైపుల నుంచి నీళ్లు చిందినా తట్టుకునే దీపం మీద ఐపీ44 అని ఉంటుంది. అంతకు తక్కువది వద్దు. షవరుకు దగ్గరైతే ఐపీ65. మెయిన్ బోర్డులో 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉన్నదో లేదో చూడండి. కరెంటు మనిషి ఒంటిలోంచి పారడం మొదలుకాగానే రెప్పపాటులో తుంచేసేది అదే. మా ఇంట్లో లేదని అప్పుడే తెలిసింది. దీపాలకంటే ముందు అది పెట్టించాను. స్విచ్చి తలుపు బయట.

పని పూర్తయిన మర్నాడు నాన్నగారే మొదట లోపలికి వెళ్లారు. చాలాసేపు బయటికి రాలేదు. నేను వసారాలో పత్రిక తిరగేస్తున్నట్టు నటిస్తూ కూర్చున్నాను. చివరికి తలుపు తీశారు. ముఖం నున్నగా ఉంది, దూది లేదు. కాని కోపంగా ఉన్నారు.

"ఒరేయ్! నా మీసం కుడిపక్క పొడుగు, ఎడమపక్క పొట్టి. ఎన్నేళ్ల నుంచి ఇలా ఉందిరా? ఇంట్లో ఇంతమంది ఉన్నారు, ఒక్కరూ చెప్పలేదేం?"