లక్ష కిలోమీటర్లు దాటిన బండి: పంట పంటకీ చెయ్యాల్సిన పనులు



ఈసారి పురుగు గురించి కాదు, పురుగుకి ఆకు మోసే బండి గురించి. మన ఇండ్లలో చాలావరకు ఉండేది నూరు సీసీ బండే. స్ప్లెండర్, ప్లాటినా, సీటీ హండ్రెడ్, ఏదైనా కానీ. పది పన్నెండేండ్లుగా తిరుగుతా ఉంటాది, లక్ష కిలోమీటర్లు ఎప్పుడో దాటుంటాది. దీన్ని పెట్టుకుందామా, అమ్మేద్దామా అని మమ్మల్ని అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు.

మా మాట ఒకటే. ఇంజను ముసలిదై మూలపడే బండ్లు తక్కువ. ఆయిలు, చైను, ఫిల్టరు, బ్రేకు లాంటి చిన్న పనులు వాయిదా వేసినందుకు మూలపడే బండ్లే ఎక్కువ. ఆ వాయిదా పోవాలంటే కిలోమీటర్ల లెక్క పక్కన పెట్టి, పంటల లెక్క పట్టుకోండి.

*పంటల లెక్క ఎందుకు?*

పాత బండ్లలో మీటరు కేబులు తెగిపోయి ఉంటాది. ఆయిలు మార్చి ఎన్ని కిలోమీటర్లు అయిందో ఎవరికీ తెలీదు. కానీ ఇది ఎన్నో పంట, చాకీ ఏ తారీకున తెచ్చినాము అనేది ఇంట్లో చిన్న పిల్లలకి కూడా తెలుసు. ఏడాదికి ఐదు పంటలు తీసే ఇంట్లో బండి 12,000 కిలోమీటర్లు తిరిగిందనుకుంటే, పంటకి 2,400 కిలోమీటర్లు పడతాది. దుమ్ములో, బరువుతో, మెల్లగా తిరిగే బండికి ఆయిలు మార్చాల్సిన సమయం దాదాపు అదే.

ఇంకో కారణం ఉంది. నాలుగో జ్వరం లేచినాక పురుగు తినేదే మొత్తం ఆకులో 80 శాతం పైన. అంటే బండికి ఎక్కువ బరువు పడే వారం కూడా అదే. ఆ వారంలో చైను తెగితే మెకానిక్ కోసం మనం ఆగొచ్చు, పురుగు ఆగదు. మేత తగ్గితే గూడు బరువు తగ్గుతాది, గూడు బరువు తగ్గితే మార్కెట్టులో చేతికొచ్చే డబ్బు తగ్గుతాది. అందుకే బండి పని పంట మధ్యలో పెట్టుకోకూడదు. గూళ్ళు అమ్మి, షెడ్డు కడిగి మందు కొట్టే రోజుల్లోనే అయిపోవాల.

*షెడ్డు కడిగే వారంలో చెయ్యాల్సినవి*

*ఆయిలు.* ప్రతి పంటకీ మార్చండి. డబ్బా మీద జాసో ఎంఏ అని ఉండేదే తీసుకోండి. బండిలో క్లచ్చు ప్లేట్లు కూడా అదే ఆయిలులో మునిగి ఉంటాయి. కారు ఆయిలు పోస్తే క్లచ్చు జారే ప్రమాదం ఉంది. మధ్యలో వారానికోసారి ఆయిలు ఎంతుందో చూడాల. ఇంజను రెండు మూడు నిమిషాలు నడిపి ఆపి, ఇంకో రెండు మూడు నిమిషాలు వదిలి, బండి డబుల్ స్టాండు మీద నిలబెట్టి, పుల్ల తుడిచి చూడండి. స్ప్లెండర్ లాంటి బండ్లలో పుల్లను మర తిప్పకుండా ఊరికే ఆనించి చూడాల. పాత ఇంజను కొంచెం ఆయిలు తాగుతాది, అది తప్పు కాదు. తగ్గింది చూడకుండా తోలేదే తప్పు.

*గాలి ఫిల్టరు.* ఎండాకాలం మట్టిదారి దుమ్మంతా చేరేది ఇక్కడే. పాత స్పాంజి ఫిల్టరైతే ఉతికి, ఆరబెట్టి, కొంచెం ఆయిలు పట్టించి పెట్టొచ్చు. కాగితం ఫిల్టరైతే కడగకూడదు, మార్చాల్సిందే. ఫిల్టరు చిరిగిందంటే దుమ్ము నేరుగా బోరులోకి పోయి పిస్టను రింగుల్ని అరగదీస్తాది. నూరు రూపాయల్లో పోయే పని వేలల్లోకి పోయేది ఇట్లనే.

*చైను.* కిందివైపు చైనును మధ్యలో వేలితో పైకీ కిందకీ ఆడిస్తే రెండు మూడు సెంటీమీటర్లు ఆడాల. అంతకంటే వదులైతే బిగించండి; మరీ బిగిస్తే గేరుబాక్సు బేరింగు పోతాది. కిరసనాయిలుతో కడిగి, తుడిచి, 90 నంబరు గేరు ఆయిలు రాయండి. ఇంజను నుంచి తీసిన నల్ల ఆయిలు చైనుకి రాసే అలవాటు మానుకోవాల. దాంట్లో ఇనుప రజను ఉంటాది, చైను ఇంకా తొందరగా అరుగుతాది. మార్చేటప్పుడు చైను, ముందు పళ్ళచక్రం, వెనక పళ్ళచక్రం మూడూ కలిపి మార్చండి. అరిగిన పళ్ళ మీద కొత్త చైను ఎక్కువ రోజులు నిలవదు.

*బ్రేకులు.* డ్రమ్ము బ్రేకు పక్కన చిన్న బాణం గుర్తు ఉంటాది. బ్రేకు పూర్తిగా పట్టినప్పుడు ఆ బాణం ప్లేటు మీదుండే గుర్తుకి చేరిందంటే షూలు అయిపోయినట్టే. నట్టు ఇంకో రెండు చుట్లు బిగించి నెల లాగుదామనుకోవద్దు. ఆకు మోపుతో దిగుడు దారిలో వచ్చేది మనమే, ఎదురుగా వచ్చేది బస్సు.

*టైర్లు.* స్ప్లెండర్ లాంటి బండికి ముందు టైరులో 25, వెనక టైరులో ఒక్కరే అయితే 28, వెనక మనిషి గానీ బరువు గానీ ఉంటే 40 పౌండ్ల దగ్గర గాలి ఉండాల. మన బండ్లలో వెనక ఎప్పుడూ బరువే, గాలి మాత్రం 28 దగ్గరే ఆగిపోతా ఉంటాది. మీ బండి లెక్క మాన్యువల్‌లో ఉంటాది, చూసుకోండి.

*హ్యాండిలు, చక్రాలు.* ముందు చక్రం పైకెత్తి హ్యాండిలు మెల్లగా తిప్పండి. మధ్యలో పట్టినట్టు ఆగితే కోన్ సెట్టు పోయిందని అర్థం. చక్రాన్ని అటూ ఇటూ ఊపితే లొడలొడ ఆడితే బేరింగో బుష్షో చూపించాల.

*బ్లీచింగ్ పౌడరు బండికి విషమే*

షెడ్డుకి 2 శాతం బ్లీచింగ్ పౌడరు, 0.3 శాతం సున్నం కలిపిన నీళ్ళు కొట్టడం మనకందరికీ తెలిసిన పనే. ఆ క్లోరిను రోగాన్ని చంపినట్టే ఇనుమును కూడా తింటాది. మందు కొట్టే రోజు బండి షెడ్డు పక్కన ఉండకూడదు. పౌడరు మూట బండి మీద తెచ్చినా, చక్రాలకి మందునీళ్ళు తగిలినా, అదే పూట మంచినీళ్ళతో కడిగి, ఆరినాక చైనుకి ఆయిలు పెట్టండి. రిమ్ములు, పుల్లలు, సైలెన్సరు తుప్పు పట్టేదానికి ఇదొక కారణం.

*ఆకూ గూళ్ళూ మోసేటప్పుడు*

బండి బాగుంటే చాలదు, బండి వల్ల పురుగుకి చెడు రాకూడదు. పెట్రోలు, ఆయిలు తగిలిన ఆకు పురుగుకి పెట్టకూడదు. ఆకు పరిచే గోనెపట్ట వేరే ఉండాల, దాంట్లో పానాలు, ఆయిలు డబ్బాలు చుట్టకూడదు. టమాటా తోటకి పురుగుమందు తెచ్చిన బండి మీదే, అదే తాడుతో, అదే పట్టతో మల్బరీ ఆకు తెచ్చేదైతే పంటనే పణంగా పెట్టినట్టు. క్యారియరు సబ్బునీళ్ళతో కడిగినాకే ఆకు ఎక్కించండి.

బరువు సంగతి కూడా చూడాల. స్ప్లెండర్‌కి కంపెనీ చెప్పే మోత, తోలే మనిషితో కలిపి, దగ్గర దగ్గర 130 కిలోలు. మనిషి 60 అయితే మిగిలేది 70. ఒక్క ట్రిప్పులో 120 కిలోల ఆకు వేసేకంటే రెండు ట్రిప్పులు పోయేదే మేలు; అప్పుడే పుల్లలు, షాకబ్జర్లు, క్లచ్చు నిలుస్తాయి. గూళ్ళు సిద్లఘట్టకో రామనగరకో కృష్ణగిరికో తీసకపోయేటప్పుడు మూట సైలెన్సరుకి తగలకుండా, గూళ్ళు నలగకుండా వదులుగా కట్టి, చల్లని పూట బయలుదేరండి.

*పొగ, చప్పుడు ఏం చెప్తాయి?*

పొద్దున స్టార్టు చేసినప్పుడు కొంచెం నీలం పొగ వచ్చి ఆగిపోతే వాల్వు సీళ్ళు చూపించండి, అది చిన్న పనే. యాక్సిలరేటరు ఇచ్చినప్పుడల్లా నీలం పొగ వస్తా, ఆయిలు కూడా తగ్గుతా ఉంటే రింగులో బోరో అరిగినట్టు. నల్ల పొగ అయితే పెట్రోలు ఎక్కువ పోతా ఉందని, ముందు ఫిల్టరు, ఆ తర్వాత కార్బురేటరు చూడాల. ఇంజను గట్టిగా అరుస్తా ఉన్నా బండి ముందుకి లాగకపోతే క్లచ్చు ప్లేట్లు. ఎడమ పక్క గలగల చప్పుడైతే టైమింగ్ చైను. బోరు పని అనగానే భయపడొద్దు, ముందు కంప్రెషన్ చూపించి, ఆ తర్వాతే ఇంజను విప్పించండి.

2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన చాలా బండ్లలో కార్బురేటరు పోయి ఇంజెక్షను వచ్చింది. వాటిలో ట్యాంకు పూర్తిగా ఎండే దాకా తోలొద్దు. ట్యాంకులో ఉండే పంపుకి చల్లదనం పెట్రోలే. పాత బండ్లవాళ్ళు పెట్రోలు పైపు మీద చెయ్యి వేసి చూడండి. ఇప్పుడు పెట్రోలులో ఇథనాలు కలుస్తా ఉంది, పాత రబ్బరు గట్టిపడినా చిట్లినా వెంటనే మార్చాల.

*పెట్టుకోవాలా, అమ్మాలా?*

ఒక లెక్క చూడండి. ఏడాదికి 12,000 కిలోమీటర్లు. లీటరుకి 60 ఇచ్చే బండికి 200 లీటర్లు చాలు. అదే బండి 45కి దిగితే 267 లీటర్లు. లీటరు నూరు రూపాయలనుకుంటే ఏడాదికి 6,700 రూపాయలు ఊరికే పోతాయి. ఆ డబ్బు పోయేది ఎక్కువగా మురికి ఫిల్టరులో, పట్టుకున్న బ్రేకులో, గాలి తక్కువ టైరులో, వదిలేసిన చైనులో. అవన్నీ సరిచేసే ఖర్చును 6,700 పక్కన పెట్టి చూసుకోండి.

ఇంజను ఎన్నిసార్లైనా చేయించుకోవచ్చు. ఛాసిస్ పగిలినా, వెనక చక్రం పట్టుకునే ఫోర్కు దగ్గర తుప్పు తిన్నా, వెల్డింగు పెట్టి బరువు మోయించొద్దు. అప్పుడు బండిని వదిలేయాల్సిందే. ఛాసిస్ గట్టిగా ఉంటే, ఏడాది మరమ్మతు ఖర్చును కొత్త బండి ఏడాది కంతులతో పోల్చి చూడండి. చాలామందికి పాత బండే లాభమని తేలుతాది.

*కాగితాలు మర్చిపోవద్దు*

ఆర్‌సీ 15 ఏండ్లకి ముగుస్తాది. గడువుకి ముందు 60 రోజుల్లో ఫారం 25తో అర్జీ పెట్టుకుంటే, బండి తనిఖీ చేసి 5 ఏండ్లకి పొడిగిస్తారు. బ్రేకు, లైట్లు, పొగ సరిగ్గా ఉన్న బండికి ఆ తనిఖీ అంటే భయముండదు. ఇన్సూరెన్సు, పొగ సర్టిఫికెట్టు కూడా చేతిలో ఉండాల. హద్దు ఊర్లవాళ్ళు ఇంకోటి గుర్తుపెట్టుకోండి: హిందూపురం, కుప్పం పక్క నుంచి బండి కొని కర్ణాటకలోనో తమిళనాడులోనో 12 నెలలకి మించి పెట్టుకుంటే, ఇక్కడి నంబరు వేయించుకోవాల. దానికి ఆ పక్క ఆర్టీఓ నుంచి ఎన్‌ఓసీ కావాల. కొనే రోజే అడిగి తీసుకోండి, తర్వాత అమ్మినవాళ్ళు దొరకరు.

ఈ పంట గూళ్ళు దిగినాక షెడ్డు గోడ మీద చాకీ తారీకు రాసే చోటే, ఆయిలు మార్చిన తారీకు కూడా రాయండి. మీ బండికి ఏ పని ఎన్ని పంటలు నిలిచిందో మాకు పంపితే, వచ్చే సంచికలో అందరికీ చెప్తాము.