గుడివాడ చలికాలం, సోలార్ లైటు: 13 గంటల రాత్రి లెక్క

ధనుర్మాసంలో గుడివాడ చుట్టుపక్కల పల్లెల్లో ఇంకా చీకటి ఉండగానే వాకిళ్లు ఊడ్చి, కళ్లాపి చల్లి, ముగ్గులు మొదలుపెడతారు. సరిగ్గా ఆ వేళకే గేటు పక్కనున్న సోలార్ లైటు కొడిగడుతుంది. వేసవిలో తెల్లారేదాకా వెలిగిన లైటే ఇది. బ్యాటరీ పోయిందనుకుని చాలామంది కొత్తది కొనేస్తారు. ఆ డబ్బు పెట్టేముందు ఈ లెక్క ఒకసారి చూడండి.

సంపాదన తగ్గింది, ఖర్చు పెరిగింది

గుడివాడ సుమారు 16.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. జూన్ 21న ఇక్కడ పగలు దాదాపు 13 గంటల 6 నిమిషాలు, రాత్రి 10 గంటల 54 నిమిషాలు. డిసెంబరు 21 వచ్చేసరికి పగలు 11 గంటల 9 నిమిషాలకు తగ్గుతుంది, రాత్రి 12 గంటల 51 నిమిషాలకు పెరుగుతుంది. అంటే ప్యానెల్ ఎండ తాగే సమయం రెండు గంటలు తగ్గి, దీపం వెలగాల్సిన సమయం రెండు గంటలు పెరిగిందన్నమాట.

చలి మాత్రం మనకు శత్రువు కాదు. లిథియం బ్యాటరీలను సున్నా డిగ్రీల కంటే తక్కువ చలిలో ఛార్జి చేస్తే పాడవుతాయి. చలి దేశాల్లో అది పెద్ద సమస్య. గుడివాడలో జనవరి తెల్లవారుజామున కూడా ఉష్ణోగ్రత 15 డిగ్రీల కిందికి దిగడం అరుదు. పైగా ప్యానెల్‌కు చల్లదనం మేలే. 25 డిగ్రీలు దాటాక ఒక్కో డిగ్రీ వేడికి దాని శక్తి సుమారు 0.4 శాతం తగ్గుతుంది. మే నెలలో 65 డిగ్రీలకు కాగిన ప్యానెల్ 16 శాతం పోగొట్టుకుంటే, చలికాలంలో 45 డిగ్రీల దగ్గర పోయేది 8 శాతమే.

ఒక లైటు జమాఖర్చు

వీధి వాకిట 10 వాట్ల ఎల్‌ఈడీ లైటు ఉందనుకుందాం. పన్నెండున్నర గంటలు పూర్తి వెలుగుతో ఉంటే 125 వాట్ అవర్లు కావాలి. దానికి 40 వాట్ల ప్యానెల్ ఉంది. చలికాలపు ఎండను నిండు ఎండగా లెక్కగడితే రోజుకు నాలుగున్నర గంటలు అనుకుందాం. 40ని 4.5తో గుణిస్తే 180. వైర్లలో, ఛార్జింగులో, బ్యాటరీలో 30 శాతం పోతే మిగిలేది 126. వచ్చింది వచ్చినట్టే ఖర్చు. చేతిలో మిగులు లేదు.

ఇప్పుడు ప్యానెల్ మీద దుమ్ము పేరుకుని 15 శాతం రాబడి తగ్గిందనుకోండి. వచ్చేది 107. రోజుకు 18 వాట్ అవర్ల లోటు. వారం తిరిగేసరికి అది ఒక నిండు రాత్రి వెలుతురంత అప్పవుతుంది. తెల్లవారుజామున ఆరిపోయే దీపం వెనక ఉన్నది సాధారణంగా ఈ అప్పే.

తీర్చే దారి కూడా లెక్కలోనే ఉంది. మొదటి నాలుగు గంటలు పూర్తి వెలుగు, మిగతా ఎనిమిదిన్నర గంటలు 30 శాతం వెలుగు పెట్టండి. ఖర్చు 40కి 25.5 కలిపి 65.5 వాట్ అవర్లే. దాదాపు సగం మిగిలింది. మనిషి కదలికకు వెలుగు పెంచే సెన్సరు ఉన్న లైటయితే ముగ్గు వేసేవాళ్లకు ఆ వేళ నిండు వెలుగూ దొరుకుతుంది.

కొబ్బరిచెట్టు నీడ ఎటు జరిగింది?

జూన్ 21 మధ్యాహ్నం సూర్యుడు గుడివాడ నడినెత్తికి కేవలం 7 డిగ్రీలు ఉత్తరాన ఉంటాడు. డిసెంబరు 21న దక్షిణ దిక్కున, నడినెత్తికి 40 డిగ్రీల దూరంలో నిలుస్తాడు. 40 అడుగుల కొబ్బరిచెట్టు మధ్యాహ్నపు నీడ జూన్‌లో దక్షిణానికి 5 అడుగులు పడితే, డిసెంబరులో ఉత్తరానికి 33 అడుగులు సాగుతుంది. చెట్టుకు ఉత్తరాన ఉన్న లైటు వేసవంతా బాగా పనిచేసి ఇప్పుడు మొరాయిస్తే కారణం అదే. ప్యానెల్ మీద ఒక మూల నీడ పడినా రాబడి పెద్దగా దెబ్బతింటుంది. డిసెంబరులో ఒక పగలంతా నీడ ఎక్కడెక్కడ పడుతోందో గమనించి చోటు మార్చండి.

వాలు కూడా చూసుకోండి. బల్లపరుపుగా పెట్టిన ప్యానెల్‌కు డిసెంబరు మధ్యాహ్నపు నేరు ఎండలో 77 శాతమే అందుతుంది. దక్షిణానికి 30 డిగ్రీలు వాల్చితే 98 శాతం పైనే. కొలతకు పరికరాలు అక్కర్లేదు. ఉత్తరం నుంచి దక్షిణానికి రెండడుగులున్న ప్యానెల్‌కు ఉత్తరపు అంచును అడుగు ఎత్తు లేపితే సరిగ్గా 30 డిగ్రీలు. ఏడాదంతా కదపకుండా ఉంచాలంటే ఆరున్నర అంగుళాలు చాలు, అది 16 డిగ్రీలకు దగ్గర.

కోతల దుమ్ము, రాత్రి మంచు

కృష్ణా డెల్టాలో వరికోతలు, నూర్పిళ్లు నవంబరు, డిసెంబరుల్లోనే. కోత మిషన్లు లేపే దుమ్ము, మిల్లుల ఊక, గడ్డి తగలబెట్టిన మసి ప్యానెళ్ల మీద వాలతాయి. రాత్రి కురిసిన మంచుకు అది తడిసి, పగటి ఎండకు అట్టకడుతుంది. తరచూ వాన పడి కడిగే కాలమూ కాదు.

అందుకే ఈ రెండు నెలలూ వారానికోసారి తుడవాలి. తెల్లవారాక మంచు తడి ఉండగానే మెత్తని నూలుగుడ్డతో తుడిస్తే సులువుగా వచ్చేస్తుంది. మిట్టమధ్యాహ్నం కాగిన అద్దం మీద చన్నీళ్లు పోయకండి. అంట్లు తోమే పీచు, సబ్బుపొడి వద్దు, గీతలు పడతాయి. డెల్టా దిగువన చాలా చోట్ల బోరునీళ్లు ఉప్పన. ఆరాక తెల్లటి చార మిగులుతుంది. కుళాయి నీళ్లో, ఫిల్టరు నీళ్లో వాడండి. బందరు, దివిసీమ వైపు సముద్రపు గాలికి స్క్రూలు, వైరు కొసలు తుప్పు పడతాయి. నెలకోసారి విప్పి చూసి, కొంచెం గ్రీజు రాయండి.

తుపాను హెచ్చరిక వస్తే

మన చలికాలానికి తుపాన్లూ తోడు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో వేలమంది చనిపోయారు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటింది. కరెంటు పోయే అలాంటి రాత్రుల్లో ఇప్పుడు సోలార్ లైటే దిక్కు. మన 10 వాట్ల లైటుకు 12.8 వోల్టుల, 18 ఆంపియర్ అవర్ల బ్యాటరీ ఉంటే అందులో ఉండేది 230 వాట్ అవర్లు. 80 శాతం వాడితే 184. పూర్తి వెలుగుతో అది ఒకటిన్నర రాత్రి. పైన చెప్పిన తగ్గింపు పద్ధతిలో దాదాపు మూడు రాత్రులు. హెచ్చరిక వినగానే లైటును తగ్గింపులో పెట్టండి. గాలికి ఊడేలా ఉంటే ముందే దించి ఇంట్లో పెట్టుకోండి, అక్కడా వెలుగిస్తుంది.

బ్యాటరీ మార్చే ముందు

ప్యానెల్ తుడిచి, నీడ తప్పించి, రెండు మంచి ఎండరోజులు చూడండి. అప్పటికీ దీపం సగం రాత్రికే ఆరితే బ్యాటరీ అయిపోయినట్టే. పాతదాని మీద రాసిన వోల్టులే కొత్తదానికీ ఉండాలి. చిన్న తోట లైట్ల నికెల్ బ్యాటరీ 1.2 వోల్టులు, లిథియం ఫాస్ఫేట్ రకం 3.2 వోల్టులు. ఒకదాని చోట ఇంకొకటి పెడితే లైటు పాడవుతుంది, ఒక్కోసారి నిప్పూ అంటుకుంటుంది. ఉబ్బిన బ్యాటరీని నొక్కకండి, గుచ్చకండి. పాత బ్యాటరీలను తిరిగి సేకరించే బాధ్యత 2022 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం తయారీదారులది. అమ్మిన దుకాణంలో అడిగి ఇచ్చేయండి. మన పంటకాలువలో మాత్రం పడేయకండి. ఆ నీళ్లే పొలానికీ, చెరువుకూ వెళ్తాయి.

ఇంత లెక్కలోనూ ఇంటివాళ్ల వంతు పని వారానికి పది నిమిషాలు, ఒక మెత్తని గుడ్డ, ప్యానెల్ కింద అడుగు ఎత్తు చెక్క. అవి చేసి చూడండి, రేపు తెల్లవారుజామున ముగ్గు చుక్కలు కనబడే వెలుగు మీ వాకిట ఉంటుంది.